ఇంట్లో యుక్కా వేరు, వాకిట్లో యుక్కా వేరు

డాలస్‌లో మనవాళ్ల ఇళ్లకి వెళ్తే హాల్లో టీవీ పక్కన ఎక్కడో ఒక యుక్కా కనిపిస్తుంది. లావుపాటి మోడు, దాని నెత్తిన పొడవాటి ఆకుల గుబురు. గృహప్రవేశానికి ఎవరో ఇచ్చి ఉంటారు. "ఎడారి మొక్కండీ, దీనికేం చెయ్యక్కర్లేదు" అనే సలహా కూడా కుండీతోపాటే వస్తుంది. అది సగమే నిజం.

ఇంట్లో పెట్టుకునేది యుక్కా జైగాంటియా. దాని సొంతూరు దక్షిణ మెక్సికో, గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్ వైపు. వానలు బాగానే పడే చోటు. ఆకు మొన మెత్తన, పిల్లలకి గుచ్చుకోదు. మా వాకిట్లో ఉన్నది యుక్కా పాలిడా. ఇది ఉత్తర, మధ్య టెక్సస్ నేలలో పుట్టింది. మోకాలెత్తు, బూడిద కలిసిన నీలం రంగు, మొన గట్టిగా ఉంటుంది జాగ్రత్త.

తేడా 2021 ఫిబ్రవరిలో తెలిసింది. డాలస్‌లో మైనస్ 19 డిగ్రీల దాకా పడిపోయిన వారం. మంచు కరిగాక చూస్తే మా పాలిడా ఏమీ జరగనట్టే ఉంది. వీధిలో ఎవరో ప్యాటియోలో వదిలేసిన జైగాంటియా మోడుని నొక్కితే ఉడికిన కంద ముక్కలా వేలు లోపలికి దిగింది. అందుకే రాత్రిళ్లు 10 డిగ్రీలకి దిగకముందే మా జైగాంటియా లోపలికి వచ్చేస్తుంది.

లోపల దానికి కావలసింది వెలుతురు. దక్షిణం కిటికీ దగ్గర పెట్టండి, టీవీ పక్క మూల వద్దు. నీళ్లు మాత్రం వేలు మట్టిలోకి రెండు కణుపులు దించి, పొడిగా తగిలితేనే. పోసినప్పుడు అడుగునుంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచినవి పారబోయాలి. చలికాలంలో నెలకోసారైనా చాలు.

ఈ సంగతి మా అమ్మకి చెప్పి ఒప్పించడం నావల్ల కాలేదు. వచ్చినన్నాళ్లూ తులసికి పోయగా చెంబులో మిగిలిన నీళ్లు రోజూ దీనికే. "పాపం, ఎండిపోతోందిరా" అని. కింది ఆకు ఒకటీ అరా పండి రాలడం మామూలే. గుబురు మొత్తం పసుపెక్కి, మోడు మొదలు మెత్తబడిందంటే వేళ్లు కుళ్లినట్టే. కుండీలోంచి తీస్తే గోధుమరంగు వేళ్లు, మురుగు వాసన. పైన గట్టిగా ఉన్న ముక్క కోసి, గరాజ్‌లో కొన్నాళ్లు కోత ఆరబెట్టి, కాక్టస్ మట్టిలో పెర్లైట్ (నీళ్లు నిలవకుండా కలిపే తేలికపాటి తెల్ల గుళికలు) కలిపి నాటాను. తలకిందులు కాకుండా చూసుకోవాలి. అది నిలదొక్కుకుంది. చెట్టు పొట్టిదైందేమిటని అమ్మకి అనుమానం ఇప్పటికీ పోలేదు.

ఏప్రిల్లో బయట పెట్టేటప్పుడు ఏకంగా ఎండలోకి తోసెయ్యకండి. ఆకుల మీద తెల్లటి మచ్చలు పడతాయి, అవి మళ్లీ పచ్చబడవు. ముందు ప్యాటియో నీడ, తర్వాత పొద్దుటెండ. కుక్కలూ పిల్లులూ ఉంటే ఆకులు నమలనివ్వొద్దు, వాంతులు చేసుకుంటాయి.

పాలిడాతో పనే లేదు, నేల సంగతి తప్ప. ఇక్కడిది మన నల్లరేగడి జాతి మట్టే: వానకి జిగట, ఎండకి బీటలు. సున్నపురాయి గుట్టల మీద పెరిగే మొక్కకి అందులో నీళ్లు నిలిస్తే పడదు. గులకరాళ్లు కలిపి మిట్ట చేసి నాటి, ఆ వైపు స్ప్రింక్లర్ మూసేశాను. మే నెల రాత్రి టార్చి పట్టుకుని చూస్తే పూలలో చిన్న తెల్ల చిమ్మటలు తిరుగుతుంటాయి. పుప్పొడి ఉండ చేసి మోసుకొచ్చి, పువ్వులో గుడ్లు పెట్టి, ఆ పుప్పొడిని కీలాగ్రంలోకి (పువ్వు ఆడభాగం కొసలోకి) కూరతాయి. పుట్టిన పురుగులు కొన్ని గింజలు తింటాయి, మిగతావి చెట్టుకి.

జైగాంటియా పువ్వు ఎల్ సాల్వడార్ జాతీయ పుష్పం. అక్కడ దాన్ని గుడ్లతో వండుకు తింటారు. కుండీలో ఉన్నది పూయడం చాలా అరుదని చెప్పినా అమ్మ వినలేదు, పెసరపప్పులో పడుతుందేమో కనుక్కోమంది.