పాడేరు కొండెక్కిన రాళ్ల మిషను

వైజాగ్ గాజువాక ఆటోనగర్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకి బొలెరో పికప్‌లోకి మిషను ఎక్కించాం. ఎక్కించాం అంటే నలుగురం తోశాం, డ్రైవరు పక్కన నిలబడి బండికి గీతలు పడుతున్నాయని గోల పెట్టాడు. 180 కిలోల ఇనుము. బిల్లు మీద దాని పేరు డీస్టోనర్. వర్క్‌షాపులో మేమూ, మిల్లుల్లో వాళ్లూ రాళ్ల మిషను అనే అంటాం. ధాన్యంలోంచి రాళ్లు వేరు చేయడమే దాని పని.

దాని బొమ్మ గీసింది నేనే కాబట్టి దాంతోపాటు నేనూ బండెక్కాల్సి వచ్చింది. పోవాల్సింది పాడేరు దాటాక హుకుంపేట వైపు ఒక చిన్న ఊరికి. అక్కడి ఆడవాళ్లు సామలు పండిస్తారు. పొట్టుతో అమ్మితే సంతలో షావుకారు చెప్పిందే ధర. అదే బాగుచేసి, పొట్టు తీసి సామబియ్యంగా అమ్మితే నాలుగు డబ్బులు మిగులుతాయని సంఘం తరఫున షెడ్డు వేసుకుని, ఎక్కడో ఒక మిషను కొన్నారు. అది వడ్లకి చేసిన మిషను. వెయ్యి వడ్లగింజలు తూస్తే 20 గ్రాముల పైనే ఉంటాయి. వెయ్యి సామగింజలు రెండు, రెండున్నర గ్రాములు. వడ్ల జాలీ మీద సామలు పోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కొన్ని కన్నాల్లోంచి ఫ్యాన్లోకి దిగిపోయాయి, మిగతావి గాలికి లేచి షెడ్డు రేకులకి తగిలాయట. ఫోన్లో ఈ కథ చెబుతూ సంఘం అధ్యక్షురాలు పడీపడీ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. తర్వాతి మిషను నాది మరి.

చోడవరం మీదుగా మాడుగుల చేరేసరికి ఏడున్నర అయింది. మాడుగుల వచ్చి హల్వా తినకుండా వెళ్తే డ్రైవరు ఒప్పుకోడు. గోధుమలు రోజుల తరబడి నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, ఆ పాలని నెయ్యి పోస్తూ గంటలకొద్దీ తిప్పితే వచ్చే హల్వా అది. అరకిలో కట్టించుకుని కొండ ఎక్కేలోపే సగం ఖాళీ చేశాం. ఘాట్‌లో మోదకొండమ్మ పాదాల దగ్గర బండ్లన్నీ ఆగుతాయి, మేమూ ఆగాం. డ్రైవరు తన బండి కోసం దండం పెట్టుకున్నాడు, నేను మిషను కోసం పెట్టుకున్నాను.

పైకి వచ్చాక గాలి మారింది. నవంబరు నెలాఖరు, వలిసె పూల కాలం. గట్టు పొలాలన్నీ పసుపు ఆరబోసినట్టున్నాయి. రోడ్డు పక్కన కార్లు ఆపి జనం ఫోటోలు దిగుతున్నారు. మేము ఆగలేదు. వెనక తాళ్లు వదులయ్యాయేమోనని నాకు ఒకటే టెన్షన్.

షెడ్డు దగ్గర పది, పన్నెండు మంది ఆడవాళ్లు, వాళ్లకి రెట్టింపు పిల్లలు. మిషను దించి, నేల మట్టం చూసి, బోల్టులు బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. స్విచ్ వేస్తే మోటారు మూలిగింది కానీ తిరగలేదు. మీటరు పెట్టి చూస్తే 175 వోల్టులు. బెల్టు తీసేసి, మోటారుని ఉత్తినే తిప్పి, వేగం అందుకున్నాక బెల్టు ఎక్కించాను. తిరిగే పుల్లీ మీదికి చేత్తో బెల్టు ఎక్కించడం తెలివైన పని కాదు, మా వర్క్‌షాపులో ఎవరైనా చేస్తే నేనే తిడతాను. అక్కడ మాత్రం నేనే చేశాను.

మిషను ఎలా పనిచేస్తుందో చెప్పాలి. ఏటవాలుగా పెట్టిన ఒక జల్లెడ బల్ల ఉంటుంది. కింద నుంచి ఫ్యాను గాలి కొడుతుంది. బల్లని ఒక ఎక్సెంట్రిక్ షాఫ్టు, అంటే నడిమధ్యకి కాస్త పక్కగా తిరిగే ఇరుసు, నిమిషానికి 450 సార్లు ముందుకీ వెనక్కీ ఊపుతుంది. గింజ తేలిక, కాబట్టి గాలి మీద అరంగుళం తేలుతూ నీళ్లలా పల్లానికి జారుతుంది. అదే సైజు రాయి బరువు గింజకి దాదాపు రెట్టింపు. గాలి దాన్ని లేపలేదు. అది బల్లని అంటిపెట్టుకుని ఉంటుంది, బల్ల ఊపిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా ఎగువకి పోతుంది. చూడ్డానికి తమాషాగా ఉంటుంది. గింజలన్నీ కిందికి పారుతుంటే రాళ్లు మాత్రం ఎదురీదుతూ మెట్లెక్కుతున్నట్టు పైకి పోతాయి.

పోయాయి కూడా. పైనున్న డబ్బాలో చెకుముకి పలుకులు, ఇసక, ఒక చెప్పు మేకు, ఆకుపచ్చ గాజుముక్క పడ్డాయి. గాజు కూడా రాయంత బరువే, అందుకే రాళ్లతో పోయింది. ఒకావిడ ఆ ముక్క తీసి "నాదే, కోతల్లో పగిలింది" అంది. అందరూ నవ్వారు. నేను లోపల గంతులేస్తున్నాను.

ఆ సంతోషం కిందనున్న గింజల బస్తాలో చెయ్యి పెట్టేదాకానే. గుప్పెడు సామల్లో గోధుమరంగు ఉండలు నాలుగైదు కనిపించాయి. సామగింజంతే ఉన్నాయి, రంగు కూడా ఇంచుమించు అదే. కిలో తూచి, పళ్లెంలో పరిచి, ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి ఏరిస్తే 63 తేలాయి. గాలి పెంచాను. గింజ కూడా ఎగిరింది. తగ్గించాను. గింజ కూడా పైకెక్కింది. బల్ల వాలు మార్చాను, తిరిగి మార్చాను. చీకటి పడేదాకా అదే ఆట. 63 కాస్తా 55 అయింది, అంతకంటే దిగలేదు.

రాత్రి అధ్యక్షురాలి ఇంట్లో పడుకున్నాం. చోడి (రాగి) అంబలి ఇచ్చారు, పక్కన ఎండుమిరపకాయ పచ్చడి. కడుపు నిండింది గానీ నిద్ర రాలేదు. ఇంజనీరు బుర్ర ముందు తప్పు తన మీద వేసుకోదు, వాతావరణం మీద వేస్తుంది. పాడేరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైనుంది, ఇక్కడ గాలి పలచన, అందుకే ఫ్యాను చాలడం లేదనుకున్నాను. దుప్పట్లో ఫోను వెలుగులో లెక్క వేశాను. ఎత్తు వల్ల గాలి పదో వంతు తగ్గిన మాట నిజమే. కానీ చల్లగాలి చిక్కగా ఉంటుంది కదా. వైజాగ్ వర్క్‌షాపు ఉక్కకీ ఇక్కడి సాయంత్రపు చలికీ ఉన్న తేడా పట్టుకుంటే, పోయినదాంట్లో సగానికి పైగా తిరిగొచ్చేస్తోంది. మిగిలిన కాస్త తేడాకి ఫ్యాను గేటు కొంచెం తెరిస్తే చాలు. తప్పు గాలిది కాదు.

పొద్దున్నే షెడ్డు దగ్గరికి వెళ్తే ఒక ముసలావిడ నా బస్తాలోంచే సామలు తీసుకుని చేటలో బాగుచేస్తోంది. నా మిషను బాగుచేసిన సామల్ని ఆవిడ మళ్లీ బాగుచేస్తోందన్నమాట. సిగ్గేసింది, అయినా పక్కన కూర్చున్నాను.

ముందు చెరిగింది. చేట పైకి ఎగరేసినప్పుడల్లా తాలు, పొట్టు ముందంచు దాటి పోయాయి. గింజ ఒక్కటి కూడా జారలేదు. తర్వాత ఊపు మారింది. ఎగరేయడం మానేసి, చేటని కాస్త వాల్చి, అడ్డంగా చిన్నచిన్నగా కుదిపింది. నేమడం అంటారే, అది. మా అమ్మ బియ్యంలో నూకలు నేమడం చిన్నప్పుడు రోజూ చూశాను. ఆ మాట విని ఇరవై ఏళ్లయి ఉంటుంది. చూస్తుండగానే సన్న ఇసక చేట వెనక మూలకి చేరింది, గింజలు ముందుకి జరిగాయి. వేలితో ఆ ఇసక మూలని చిమ్మేసింది.

ఫోన్లో స్లో మోషన్ పెట్టి తీశాను. తర్వాత లెక్కపెడితే ఆవిడ చేట సెకనుకి మూడుసార్లు కదిలింది, ఒక్కో కదలిక ఆరు సెంటీమీటర్ల దాకా ఉంది. ఆ ఊపు త్వరణం, అంటే వేగం మారే జోరు, 10, 11 మధ్య తేలింది. నా మిషను ఎక్సెంట్రిక్ 5 మిల్లీమీటర్లు, 450 చుట్లు. దాని త్వరణం 11. రెండూ భూమి వస్తువుల్ని కిందికి లాగే త్వరణం 9.8కి కాస్త పైన. అంతకు బాగా తగ్గితే రాయి ఎగువకి కదలదు, బాగా పెరిగితే అన్నీ కలగాపులగం అయిపోతాయి. ఆ నంబరు కోసం నేను వర్క్‌షాపులో నెలన్నర పుల్లీలు మార్చాను. ఆవిడ చేటకి పుల్లీలు లేవు.

ఆలోచిస్తే మా వ్యాపారం మొత్తం వంటింటి మాటల్లోనే ఉంది. చెరగడానికి మేము యాస్పిరేటర్ అని పేరు పెట్టుకున్నాం. జల్లించడం గ్రేడర్ అయింది. నేమడం ఈ రాళ్ల మిషనే. ఏరడానికైతే మిల్లుల్లో కెమెరాలు పెట్టిన సార్టెక్స్ వచ్చింది. అది కంపెనీ పేరు, ఇప్పుడు కొట్లో బియ్యానికి పేరైపోయింది. రంగు తేడా వచ్చిన గింజని కెమెరా పట్టుకుంటే, సన్న గాలిదెబ్బ దాన్ని పక్కకి కొడుతుంది. గాలించడం మాత్రం మాకు కుదరదు. బియ్యాన్ని నీళ్లలో వంచుతూ రాళ్లని అడుగున వదిలేయడం వంటకి ముందు బాగుంటుంది గానీ, బస్తాలకి బస్తాలు తడిపితే ఆరబెట్టేదెవరు?

"మామ్మా, ఈ ఉండలు చేటలో కూడా పోవడం లేదేం?" అన్నాను.

ఆవిడ ఒక ఉండ తీసి బొటనవేలితో నొక్కింది. పొడి అయిపోయింది.

"ఇది రాయి కాదు బాబూ, మన్ను. కళ్లం మీదున్నప్పుడు వాన పడింది. అలికిన మన్నంతా లేచిపోయి గింజల్లో కలిసిపోయింది."

ఎండిన మట్టి లోపలంతా గాలి గుల్లలే. రాయికీ గింజకీ రెట్టింపు తేడా ఉంటే, ఈ ఉండకీ గింజకీ ఉన్న తేడా కొంచెమే. ఆ కొంచెం నా గాలికి తెలియదు, నా బల్లకి తెలియదు.

"మరేం చేస్తారు?"

"గోనె మీద పోసి కాళ్లతో నలుపుతాం. మన్ను పొడైపోతాది. సామ పైపొట్టు గట్టిది, అది నలగదు. అప్పుడు జల్లించుకోవడమే." తర్వాత నా మిషను వైపు చూసి, పిల్లాడికి చెప్పినట్టు నెమ్మదిగా అంది: "నీది ఊదుతాది, ఊపుతాది. నలపదు కదా బాబూ."

పిండిమిల్లుల్లో గోధుమలకి స్కవరర్ అని ఒక మిషను ఉంటుంది. గింజని రుద్ది, దానికంటిన మట్టిని రాల్చడమే దాని పని. అది నాకు తెలుసు, కాలేజీలో చదివాను కూడా. సామలు శుభ్రంగానే వస్తాయిలే అనుకుని నా బొమ్మలో ఆ మెట్టు ఎగరగొట్టేశాను, అంతే. వర్క్‌షాపులో పరీక్షకి తెచ్చినవి వైజాగ్ కొట్లో కొన్న సామలు. వాటి మీద ఏ వానా పడలేదు.

పదింటికి డ్రైవరుతో పాడేరు పోయి ఒక పంక్చర్ షాపులో లారీ పాత ట్యూబులు రెండు, వెల్డింగ్ షాపులో ఒక కడ్డీ, రెండు బేరింగులు పట్టుకొచ్చాను. షెడ్డు వెనక ఖాళీ ఆయిల్ డ్రమ్ము పడుంది. సబ్బుపొడి వేసి నాలుగుసార్లు కడిగి ఎండబెట్టాం. కడ్డీకి రబ్బరు ముక్కలు బోల్టులతో బిగించి, డ్రమ్ములో అడ్డంగా పెట్టి, చివర చేతిపిడి అమర్చాం. పిల్లలకి అది రంగులరాట్నం అయిపోయింది, తిప్పడానికి వంతులు వేసుకున్నారు. గట్టిగా తిప్పినప్పుడు కొన్ని గింజల పొట్టు ఊడిపోయింది. నెమ్మదిగా తిప్పమంటే పిల్లలు వింటారా? చివరికి మామ్మనే పక్కన కూర్చోబెట్టాం. ఆవిడ "చాలు" అంటే చాలు.

డ్రమ్ములోంచి తీసిన సామల్ని సన్న కన్నాల జల్లెడలో జల్లిస్తే ఎర్రమట్టి పొడి కింద కుప్ప పడింది. ఆ తర్వాతే రాళ్ల మిషను మీద పోశాం. కిలో తూచి పిల్లల్ని మళ్లీ పళ్లెం ముందు కూర్చోబెట్టాను. 9. అందులో రెండు ఎలకపెంటికలు. వాటి సంగతి వేరు, అవి గింజకంటే పెద్దవి, జల్లెడ మీదే ఆగిపోవాలి. ముందు ఒక పెద్ద కన్నాల జల్లెడ కూడా పట్టాలని నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

అధ్యక్షురాలు మిగిలిన డబ్బులిచ్చింది. డ్రమ్ముకీ ట్యూబులకీ ఎంతైందని అడిగింది, వద్దన్నాను. వచ్చే కోతలకి కళ్లం మీద టార్పాలిన్ పరుచుకోమని చెబితే, "టార్పాలిన్ మీద ఎద్దులు తొక్కితే చిరిగిపోదా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మూడింటికి బయల్దేరి రాత్రి తొమ్మిదికి వైజాగ్‌లో దిగాం. మాడుగులలో మళ్లీ ఆగామని వేరే చెప్పాలా?

మర్నాడు వర్క్‌షాపులో కూర్చుని కొత్త బొమ్మ గీశాను. రాళ్ల మిషనుకి ముందు ఒక డబ్బా, లోపల రబ్బరు రెక్కలు, నెమ్మదిగా తిప్పే గేర్ మోటారు, కింద జల్లెడ. మా వెల్డరు కాగితం అటూఇటూ తిప్పి చూసి, "దీని పేరేం రాయను సార్, పార్టు లిస్టులో?" అన్నాడు. స్కవరర్ అంటే వాడికి స్పెల్లింగ్ చెప్పాలి. మామ్మ మాట గుర్తొచ్చి, కాగితం మీద 'నలుపు డబ్బా' అని రాసిచ్చాను.

మూడోరోజు వెళ్లి చూస్తే డబ్బా తయారుగా ఉంది. లోపల రెక్కలు సరిగ్గానే ఉన్నాయి. బయటంతా రెండు కోటింగులు నల్లరంగు వేసి ఆరబెట్టాడు.