లోడు మీదే ఈ చిన్న పికప్ సుఖం

బుధవారం. పొద్దుటి నుంచీ ముసురు.

ఉదయం బండి ఖాళీగా విశాఖలోని గాజువాక ఆటోనగర్ వెళ్ళింది. అక్కడ ప్లైవుడ్, టైల్స్ ఎత్తుకుని సిరిపురం మీదుగా పాండురంగపురం. మధ్యాహ్నం సిమెంటుతో భీమిలి. బండి అదే, ఇంజనూ అదే, కానీ తోలే చేతికి పూటకో బండిలా అనిపిస్తుంది. చిన్న పికప్ కొందామనుకునే వాళ్ళు షోరూం ముందు ఖాళీ బండిని నాలుగు వీధులు తిప్పి, "అబ్బే, ఎగిరెగిరి పడుతోంది" అని పెదవి విరుస్తారు. ఖాళీ బండిని చూసి చెప్పే తీర్పు చెల్లదు. ఓ మూడొందల కిలోలు వేయించుకుని నడిపితేనే దీని సంగతి తెలుస్తుంది.

మాది మారుతి సూపర్ క్యారీ, పెట్రోల్. 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను, ఈకో వ్యానులో ఉండే కుటుంబానిదే. టాటా ఏస్ 2005లో వచ్చినప్పుడు రెండు సిలిండర్ల 700 సీసీ డీజిల్‌తో వచ్చింది. ఆ కాలం డీజిల్ మినీ ట్రక్కులు తోలిన చేతులు ఈ పెట్రోల్ బండిని మొదట్లో సరిగా నడపలేవు. కింది నుంచే గుంజుతుందనుకుని తొందరగా పై గేరు వేసేస్తారు, బండి ఢకఢకలాడుతుంది. ఇది కారు ఇంజను. దీని గరిష్ఠ టార్క్, అంటే గుంజే బలం, 2900 ఆర్పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర, పవర్ 6000 దగ్గర. లోడు మీద ఉన్నప్పుడు రెండో గేరులో ఇంజనుని ఇంకొంచెం తిప్పి, అప్పుడు మూడో గేరుకి వెళ్ళాలి. చప్పుడు ఎక్కువైందని బెంగపడక్కర్లేదు. తక్కువ తిప్పి, యాక్సిలరేటరు నేలకి నొక్కి పెట్టడమే దీనికి చేటు.

ఖాళీగా ఉన్నప్పటి సంగతి ముందు చెప్పాలి. షీలానగర్ దగ్గర వాన నీరు నిలిచి గతుకులు కనపడలేదు. వెనక కమాన్ పట్టీలు, అంటే బరువు మోసే స్ప్రింగు పట్టీలు, ఏడు వందల కిలోలు మోయడానికి కట్టినవి. పైన బరువు లేకపోతే అవి వంగవు, చక్రమే గాల్లోకి లేస్తుంది. చక్రాల మధ్య దూరం 2110 మిల్లీమీటర్లే కాబట్టి ముందు చక్రం దిగిన గుంటలోకి వెనక చక్రం వెంటనే దిగుతుంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర కారులోలా నెమ్మదించి వదిలేస్తే చాలదు. వెనక చక్రాలు కూడా దాటేదాకా యాక్సిలరేటరు ముట్టుకోకూడదు. తడి రోడ్డు మీద ఖాళీ బండికి గట్టిగా బ్రేకు వేస్తే ముందుగా పట్టేసేవి వెనక చక్రాలే, తోక పక్కకి జారుతుంది. అందుకే ముసురు రోజుల్లో ఖాళీగా వెళ్ళేటప్పుడు తొట్టిలో వెనక ఇరుసు మీదకి వచ్చేలా రెండు ఇసుక బస్తాలు వేసి కట్టేస్తే మంచిది. వంద కిలోలతోనే తేడా తెలుస్తుంది. కట్టడం మాత్రం మరిచిపోకూడదు. కట్టని బస్తా బ్రేకు వేసినప్పుడల్లా కేబిన్ గోడని గుద్దుతుంది.

ఇక లోడు. ఈ బండితో వచ్చే మంచీ చెడూ సగం ఇక్కడే తేలిపోతుంది.

తొట్టి లోపలి కొలత 2183 బై 1488 మిల్లీమీటర్లు. మోయగలిగేది పెట్రోల్ బండిలో 740 కిలోలు. అదే సీఎన్‌జీ బండిలో సిలిండర్ బరువు పోగా 625. గ్యాసు ఖర్చు మాత్రమే లెక్కేసుకుని కొనేవాళ్ళు ఈ 115 కిలోలు చూసుకోరు. అంటే రెండు సిమెంటు బస్తాల పైమాట. పెట్రోల్ బండికి యాభై కిలోల బస్తాలు పద్నాలుగు వేస్తే 700. పక్క సీట్లో కళాసీ (సరుకు ఎత్తి దించే కూలీ) కూర్చుంటే అతని బరువూ ఆ లెక్కలోకే వస్తుంది, అప్పుడు పదమూడు చాలు. తొట్టిలో చోటు మాత్రం ఇంకా బోలెడు కనిపిస్తుంది. అసలు చిక్కంతా ఆ కనిపించే చోటుతోనే. "ఇంకో అయిదు ఏసేద్దుమా బాబూ, ఏటవ్వదు" అని ఈరోజూ అన్నాడు కళాసీ. "వద్దు మావా, బండికి కాదు, బ్రేకుకి అవుద్ది" అంటే నవ్వాడు.

ఇసుక విషయంలో ఇంకా మోసం. పొడి ఇసుక ఘనపు మీటరుకి సుమారు 1600 కిలోలు. తొట్టి వైశాల్యం మూడుంపావు చదరపు మీటర్లు. లెక్క కడితే 740 కిలోల ఇసుక తొట్టిలో 14 సెంటీమీటర్ల లోతే వస్తుంది, జానెడు కూడా నిండదు. పక్క డోర్ల అంచు దాకా నింపితే ఒకటిన్నర టన్ను దగ్గర తేలుతుంది. తడి ఇసుకైతే ఇంకా పైన. ఇసుకతో "నిండుగా" కనిపించే చిన్న పికప్ ఏదైనా రెట్టింపు లోడు మీద ఉన్నట్టే. చలానా సంగతీ ఉంది: 2019 సవరణ తరవాత మోటారు వాహనాల చట్టంలో ఓవర్‌లోడుకి జరిమానా 20,000 రూపాయల నుంచి మొదలు, ఆ పైన ప్రతి అదనపు టన్నుకి 2,000.

ఈరోజు ఎత్తినవి 19 ఎంఎం ప్లైవుడ్ షీట్లు పది, రెండు బై రెండు అడుగుల టైల్స్ పెట్టెలు పది. ఎనిమిది బై నాలుగు అడుగుల షీటు ఒక్కోటి సుమారు 35 కిలోలు, నాలుగు పలకల టైల్స్ పెట్టె సుమారు 28. మొత్తం 630 దాకా. పెట్రోల్ బండికి హాయి, సీఎన్‌జీ బండికి హద్దు మీద పడ్డట్టే.

షీటు పొడవు 2440 మిల్లీమీటర్లు, అంటే తొట్టి కంటే పది అంగుళాలు ఎక్కువ. రెండు పద్ధతులున్నాయి. వెనక డోరు మూసి షీటు చివరని దాని మీద ఆనించడం ఒకటి. ఇది చేయకూడదు. మధ్యలో ఆధారం లేక షీటు వంగుతుంది, గతుకులో డోరు అంచు తగిలి మూల చితుకుతుంది. డోరు దించి, గొలుసుల మీద నిలబెట్టి, షీట్లు చదునుగా పరవడం రెండోది. ఇదే నయం. కాకపోతే నంబరు ప్లేటు, వెనక దీపాలు మరుగున పడకుండా చూసుకోవాలి, చివర ఎర్రగుడ్డ కట్టాలి. పక్కలకి చెరో అయిదంగుళాలు ఖాళీ మిగులుతుంది. అక్కడ చెక్క ముక్కలు బిగించకపోతే మలుపులో దొంతర మొత్తం ఒక వైపుకి జరుగుతుంది. సన్మైకా వేసిన షీట్లయితే ఒకదాని మీద ఒకటి నూనె రాసినట్టు జారతాయి. మధ్య మధ్య పాత గోనె పట్టా వేయాలి.

టైల్స్ పెట్టెలు పడుకోబెట్టకూడదు. పడుకోబెడితే పై పెట్టెల బరువంతా కింది పలక మధ్యలో పడి, గతుకు గతుకుకీ అదిరి పగులుతుంది. అంచు మీద నిలబెట్టి, కేబిన్ గోడకి ఆనించి, ఒకదానికొకటి సందు లేకుండా పేర్చాలి. ప్లైవుడ్ అడుగున, దాని మీద గోనె, ఆపైన ముందు భాగంలో టైల్స్. షీట్లని టైల్స్ నొక్కి పట్టుకుంటాయి, బరువూ వెనక ఇరుసుకి ముందే ఉంటుంది. ఈ చివరి మాట ముఖ్యం. ఇరుసు వెనక బరువు పెడితే ముందు చక్రాలు తేలికైపోతాయి. స్టీరింగు వేలితో తిరుగుతుంది, హాయిగా ఉందనిపిస్తుంది, కానీ మలుపులో బండి మనం చెప్పిన చోటికి పోదు. రాత్రయితే హెడ్‌లైట్లు చెట్ల కొమ్మలు చూస్తాయి, ఎదుటివాడు తిట్టుకుంటాడు. ఎత్తు దించే చిన్న చక్రం ఉన్న బండిలో లోడు ఎక్కగానే దాన్ని తిప్పుకోవాలి.

తాడు సంగతి. తాడుని మెలిపెట్టి కన్ను చేసి, చివరని కింది హుక్కులోంచి తిప్పి, మళ్ళీ ఆ కన్నులోంచి తీసి లాగితే చేతి బలం పెరుగుతుంది. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది. వానలో బయలుదేరిన రెండు మూడు కిలోమీటర్లకి ఆపి మళ్ళీ బిగించాలి. లోడు కూడా ఆ పాటికి సర్దుకుని కొంచెం కిందికి దిగి ఉంటుంది. షీటు అంచుల మీద అట్టముక్క పెట్టకుండా తాడు లాగితే అంచుకి గాటు పడుతుంది, కొన్నవాడు తీసుకోడు. వానకి పైన కప్పే బరకం తాళ్ళు వేరు, లోడు తాళ్ళు వేరు. బరకాన్ని లాగి కట్టిన తాడు లోడుని ఆపదు.

ఆటోనగర్ నుంచి ఎన్ఏడీ కూడలి దాకా ఈ లోడుతో బండి కుదురుగా వచ్చింది. కమాన్లు పని మొదలుపెట్టాక వెనక చక్రాలు రోడ్డుని వదలవు, బ్రేకు వేస్తే బండి తిన్నగా ఆగుతుంది. 50, 60 మధ్య ఇంతకంటే సుఖమైన బండి అక్కర్లేదు. సందుల్లో అయితే ఇంకా ముచ్చట. టర్నింగ్ రేడియస్ 4.3 మీటర్లు. కంచరపాలెం లోపలి వీధుల్లో పెద్ద పికప్ రెండుసార్లు వెనక్కీ ముందుకీ ఆడే చోట ఇది ఒక్క తిప్పులో తిరుగుతుంది. మనం ముందు చక్రాల మీదే కూర్చున్నట్టు ఉంటాం కాబట్టి మలుపు కారులో కంటే కాస్త ఆలస్యంగా తిప్పాలి. తొందరపడితే వెనక చక్రం కాలవ గట్టు ఎక్కుతుంది.

సిరిపురం ఎక్కుడులో సిగ్నల్ పడితే హ్యాండ్‌బ్రేకే దిక్కు. హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టే అలవాటున్న వాళ్ళకి క్లచ్ ప్లేటు తొందరగా పోతుంది. ముందు వాసన వస్తుంది, తరవాత ఇంజను అరుస్తుంది గానీ బండి కదలదు. ఇంజను సీటు కిందే కాబట్టి ఆ వేడి కూడా మనకే. పాండురంగపురం డౌన్లో దిగేటప్పుడు మొదటి నుంచే రెండో గేరు. సగం దిగాక వేగం పెరిగిందని గేరు తగ్గించబోవడం కంటే పైనే తగ్గించుకోవడం నయం. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే కింద బీచ్ రోడ్డు దగ్గరికొచ్చేసరికి పెడలు గట్టిగానే ఉన్నా బండి ఆగదు, లైనింగ్ వేడెక్కి పట్టు తప్పుతుంది.

ఆటోనగర్లో "ఇంకో పట్టీ ఏయించండి, ఎంతైనా మోస్తాది" అనేవాళ్ళు ప్రతి షెడ్డులోనూ ఉంటారు. కమాన్ పట్టీ పెంచితే స్ప్రింగే బలపడుతుంది. ఇరుసు, హబ్ బేరింగులు, ఛాసిస్, బ్రేకులు అలాగే ఉంటాయి. ఇంకో చిక్కు చాలామందికి తట్టదు. కొన్ని బండ్లలో వెనక ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య ఒక కడ్డీ, దానికో వాల్వ్ ఉంటాయి. లోడుకి బండి కిందికి దిగితే ఆ కడ్డీ కదిలి వెనక బ్రేకులకి ఎక్కువ ప్రెషర్ ఇస్తుంది. ఖాళీగా ఎత్తులో ఉంటే తగ్గిస్తుంది. అదనపు పట్టీతో లోడు మీద కూడా బండి దిగకపోతే ఆ వాల్వ్ బండి ఖాళీగా ఉందనుకుంటుంది. టన్ను లోడు, వెనక బ్రేకు మాత్రం ఖాళీ బండిది. పట్టీ వేయించిన వాళ్ళు బ్రేకు సరిగా లేదని లైనింగులు మార్చుకుంటూ తిరుగుతారు.

మధ్యాహ్నం భీమిలి. బీచ్ రోడ్డులో ఋషికొండ దాటాక సముద్రం గాలి పక్క నుంచి తోస్తుంది. సిమెంటు లోడుతో ఉన్నప్పుడు తెలియదు గానీ ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు స్టీరింగుని గాలికి ఎదురుగా ఒక వేలంత పట్టుకునే ఉండాలి. అందుకే ఈరోజు వచ్చేటప్పుడు బీచ్ రోడ్డు కాదు, తగరపువలస, ఆనందపురం మీదుగా హైవే. గూడ్సు బండి కాబట్టి 80 దగ్గర స్పీడ్ గవర్నరు ఆపేస్తుంది. డెబ్బై మీద పోతున్న లారీని దాటబోతే మధ్యలో బండి ఇంక పెరగదు, లారీ పక్కనే వేలాడాల్సి వస్తుంది. ముందు వాడు అరవై లోపు ఉంటేనే బయటికి తీయాలి. లేకపోతే వెనకే పోవడం మేలు.

తుప్పు గురించి రాయకుండా విశాఖలో బండి గురించి రాసినట్టు కాదు. ఉప్పుగాలి పైన పెయింటుని అంత తొందరగా ఏమీ చెయ్యదు. అతుకుల్లో, మడతల్లో చేరుతుంది. చూడాల్సినవి డోరు కింది మడత, వెనక డోరు కీలు, తొట్టి మూలలు, బ్యాటరీ ఎర్త్ వైరు ఛాసిస్‌కి బిగించిన చోటు. ఎర్త్ దగ్గర తుప్పు పడితే సెల్ఫ్ స్టార్టరు మందంగా తిరుగుతుంది, జనం బ్యాటరీ మారుస్తారు. సిమెంటు మోసే బండికి ఇంకోటి. రాలిన పొడి తొట్టి మూలల్లో చేరి, ఇలాంటి ముసురుకి తడిసి, నీరు పోయే కన్నాల్ని బిగుసుకుని మూసేస్తుంది. ఆ తరవాత నీళ్ళు అక్కడే నిలిచి రేకుని తింటాయి. ఈరోజు దించగానే పొడిగా ఉండగానే చీపురుతో ఊడ్చి, ఇనప చువ్వతో కన్నాలు పొడవడం అందుకే. రబ్బరు మ్యాటు టైల్స్‌కి మంచిదే గానీ, దాన్ని ఎత్తి ఆరబెట్టకపోతే కింద రేకు ఎర్రబడుతుంది. ఫిషింగ్ హార్బర్ కిరాయికి వెళ్ళే బండ్లకైతే చేపల ఐసు నీళ్ళు ఛాసిస్ మీదుగా కారతాయి, అదే రోజు మంచినీళ్ళతో కింద కూడా కడగాల్సిందే. పైపైన షాంపూ వాష్ వల్ల ఉపయోగం లేదు.

సాయంత్రం మొదటి గేరులో కదిలేటప్పుడు కింద నుంచి "టక్" అని ఒక చప్పుడు. ఇది మామూలుగా ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుని తిప్పే కడ్డీ) చివరుండే క్రాస్ అనే కీలు లూజు అయినప్పటి చప్పుడు. బండి ఆపి, చక్రాలకి రాళ్ళు పెట్టి, గేరు న్యూట్రల్ చేసి, షాఫ్ట్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పితే క్రాస్ దగ్గర ఆడుతోందా లేదా తెలుస్తుంది. ఆడితే మార్చడమే. అలాగే వదిలేస్తే క్రాస్ విరిగి షాఫ్ట్ రోడ్డుకి తగులుతుంది. గ్రీజు ఎక్కించే నిప్పిల్ ఉన్న రకమైతే గ్రీజు కొట్టి రెండు రోజులు చూడొచ్చు. కమాన్లని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులు కూడా అప్పుడే బిగించి చూసుకోవాలి, అవి వదులైనా ఇంచుమించు ఇదే చప్పుడు.

కాగితాల్లో పెద్ద బెడద లేదు. మూడు టన్నుల లోపు మొత్తం బరువున్న గూడ్సు బండికి పర్మిట్ అక్కర్లేదు. ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా తేల్చేసింది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మాత్రం ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తరవాత ఏటేటా.

రేపు ఇరవై అడుగుల పీవీసీ పైపులు అడుగుతున్నారు మధురవాడకి. బరువు నూటయాభై కిలోలు లేదు, కానీ పొడవు ఆరు మీటర్లు, బండి మొత్తం పొడవే 3.8. కేబిన్ మీద స్టాండు వేసి ముందుకీ వెనక్కీ పొడిచేలా కట్టి పోయేవాళ్ళు రోజూ కనిపిస్తారు. అనుమతికి మించి బయటికి వచ్చిన లోడుకి కూడా జరిమానా 20,000. పది అడుగుల ముక్కలు కప్లింగులతో తీసుకుంటారేమో అడగాలి. కాదంటే పెద్ద బండి కిరాయికి మాట్లాడి పంపేయడమే.