సిస్టర్ల బడిల మా అత్తమ్మ అడిగిన ముచ్చట

మా పిల్లలిద్దరు చదివేది సిస్టర్ల బడిల. గేటు మీద పెద్ద అక్షరాలతోని వేరే పేరుంటది గానీ నల్లగొండల ఏ ఆటో అన్నకైనా "సిస్టర్ల బడి" అంటేనే తెలుస్తది. పిల్లగాడు మూడో తరగతి, బిడ్డ ఒకటో తరగతి. మేం క్రైస్తవులం కాదు. వాళ్ల క్లాసులల్ల శానామంది కాదు. అయినా మా మామకు ఫాదర్లన్నా సిస్టర్లన్నా మస్తు గురి. ఆయన చిన్నప్పుడు ఊర్ల ఆర్సీఎం బడిల, అంటే రోమన్ కతోలిక మిషన్ బడిల చదువుకున్నడు. అప్పటికింక నల్లగొండకు సొంత మేత్రాసనం, అంటే బిషప్ ఏలుబడి, లేదు, అది 1976ల వచ్చింది. ఇటలీ ఫాదర్లు వచ్చీరాని తెలుగుల పలకరించేటోళ్లని, పిల్లగాడు నాలుగు రోజులు బడికి రాకుంటే ఇంటికే వచ్చి నులక మంచం మీద కూసుండి అడిగేటోళ్లని చెప్తడు. ఇప్పుడు ఫాదర్ ఇంటికొచ్చుడు ఏమో గానీ, మనం బడికి పోయినా గేటు కాడ ఆపుతరు.

లొల్లంత ఆ గేటు కాడనే మొదలైంది.

మా ఆయన ఆర్టీసీల కండక్టరు. ఏ రోజు ఏ డ్యూటీ పడ్తదో ఆయనకే తెల్వదు. నేను ఇంట్లనే బ్లౌజులు కుడుత. ముహూర్తాలున్న నెలల్ల మిషిన్ మీదికెంచి లేవనీకే తీరదు. పిల్లల పనంత మా అత్తమ్మదే. జడలేసుడు, బూట్లు తుడుసుడు, డబ్బా కట్టుడు, తోలుకపోవుడు, తోలుకొచ్చుడు. డైరీల సంతకం ఒక్కటే నాది. కానీ మీటింగు సర్క్యులర్ల మాత్రం "తల్లి గానీ తండ్రి గానీ తప్పనిసరిగా హాజరు కావాలి" అని ఉంటది. నాకు తీరక అత్తమ్మను పంపిస్తే వాచ్‌మన్ "అవ్వా, మమ్మీని రమ్మను" అని ఎనుకకు మళ్లగొట్టిండు.

మా ఒక్క ఇంటి ముచ్చటే కాదిది. బడిల శానా మంది పిల్లల అమ్మనాయనలు హైదరాబాద్‌ల ఉంటరు, లేకుంటే చౌటుప్పల్ దిక్కు కంపెనీలల్ల షిఫ్టులు చేస్తరు. పిల్లలు అమ్మమ్మల కాడనో నాయనమ్మల కాడనో పెరుగుతున్నరు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయినంక కనగల్ నుంచి, తిప్పర్తి నుంచి సుత ముసలమ్మలు మనుమల ఎంబడి వచ్చుడు ఎక్కువైంది. వచ్చినోళ్లు మళ్లా పోయి వచ్చుడెందుకని బడి ఎదురుంగ యాపచెట్టు కింద కూసుంటరు. "జీరో టికెట్లు కొట్టి కొట్టి నా వేళ్లు నొస్తున్నయి, అండ్ల సగం మీ బడి గిరాకే" అంటడు మా ఆయన.

బడిల ఎవ్వరికీ తెలవని సంగతి ఆ చెట్టు కింద కూసున్నోళ్లకు తెలిసింది. మధ్యాహ్నం బెల్లు కొట్టంగనే ఒకటో తరగతి పిల్లలు వరండాల వరుసగ కూసుండి డబ్బాలు తెరుస్తరు. తెరుస్తరని మనం అనుకుంటం. ఇప్పటి డబ్బాలకు నాలుగు దిక్కుల క్లిప్పులు, మూతకు లోపల రబ్బరు. పప్పు కారి పుస్తకాలు ఖరాబు కావొద్దని మనమే ఎతికి కొంటం. పొద్దున ఉడుకుడుకు అన్నం పెట్టి మూత బిగిస్తే, చల్లారేటాళ్లకు ఆవిరంత నీళ్లై మూత లోపలికి గుంజుకపోతది. ఆరేండ్ల పోరికి అదేడ వస్తది? గోరు పెట్టి లేపుతరు, పండ్లతోని పడుతరు, ఒళ్లె పెట్టుకొని రెండు చేతులతోని గుంజుతరు. ఆయమ్మ ఒక్కతే. ఆమె ఈ మూలకెంచి ఆ మూలకు వచ్చేటాళ్లకు సగం టైం ఒడుస్తది. ఇగ కొందరు పిల్లలు అడుగుడు మానేసి, బిస్కెట్లు తిని, డబ్బా అట్లనే సంచిల ఏసుకొని పోతరు. సాయంత్రం ఇంటికాడ "అన్నం ఎందుకు తినలే" అని మనం పిల్లను తిట్టుడు. మా అత్తమ్మ గేటు ఊచల సందులకెంచి ఇదంత చూసింది. ఒక్క దినం కాదు, రోజూ.

తర్వాతి మీటింగుకు నేను అత్తమ్మను తీస్కపోలే, ఆమెనే నన్ను తీస్కపోయింది. మా మీటింగులు ఎట్లుంటయంటే, పెద్దోళ్లందరం పిల్లల బెంచీల మీద మోకాళ్లు గదువకు ఆనుకునేటట్టు కూసుంటం. టీచరు ప్రోగ్రెస్ కార్డు ఇస్తది, సంతకం పెట్టుమంటది. ఫీజు బాకీ ఉన్నోళ్ల లిస్టు చదువుతరు. యూనిఫాం, బెల్టు, ఫోన్ తక్కువ ఇయ్యిండ్రి. అయిపోయింది. మేం వినుడు, వాళ్లు చెప్పుడు. ఆ రోజు హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ మాట్లాడుతుండంగనే అత్తమ్మ లేచింది.

"సిస్టరమ్మా, మార్కుల సంగతి తర్వాత సూద్దం. పిల్లలకు డబ్బా మూత వస్తలేదు. మాలో ఇద్దర్ని లోపలికి రానియ్యిండ్రి, తీసిస్తం."

కొందరు నవ్విండ్రు. నాకు మొఖం ఎటు పెట్టుకోవాలనో తెల్వలే. అప్పుడు ఎనుక బెంచిల ఒకామె, "మా బాబు సుత రోజు డబ్బా నిండుగనే తెస్తడు" అన్నది. ఇంకొకాయన లేచిండు. నవ్వుడు ఆగింది.

సిస్టర్‌ది కేరళ. మెల్లగ, పదం పదం ఏరుకుంట మాట్లాడుతది. "బయటివాళ్లు లోపలికి వస్తే, ఎవరైనా ఒక పాపను తీసుకొని పోతే, నేను ఏమి జవాబు చెప్పాలి?" అన్నది. ఆమె భయం ఉత్త సాకు కాదు. చిన్నపిల్లల బడి నడిపేటోళ్లకు ఆ భయం లేకుంటేనే మనం భయపడాలె.

బడి పెత్తనం చూసే కరస్పాండెంట్ ఫాదర్ అప్పటికి కొత్తగ వచ్చిండు, గుంటూరు దిక్కు మాట. ఆయన అప్పటిదాకా ఊకెనే ఉన్నడు. లేచి ఆఫీసు రూంలకు పోయి లావుపాటి పుస్తకం ఒకటి పట్టుకొచ్చిండు. కతోలిక సభకు 1983ల వచ్చిన చట్టం పుస్తకమట. అండ్ల 796వ నిబంధన తీసి ఇంగ్లిష్‌ల చూసుకుంట తెలుగుల చెప్పిండు. తల్లిదండ్రులు టీచర్లతోని దగ్గరగ కలిసి పనిచేయాలె, టీచర్లు సుత వాళ్లతోని అట్లనే ఉండాలె, వాళ్లు చెప్పేది ఇష్టంగ వినాలె, వాళ్లకు సంఘాలో సమావేశాలో పెట్టాలె, వాటికి విలువ ఇయ్యాలె. ఇదీ దాని సారం. పిల్లలకు మొట్టమొదటి గురువులు తల్లిదండ్రులేనని రోమ్‌ల జరిగిన మహాసభ సుత 1965లనే చెప్పిందట.

"నాయనమ్మలని ఏడ రాయలేదా అయ్యగారూ?" అన్నది అత్తమ్మ.

ఫాదర్ పుస్తకం మూసి, "రాయకపోయినా మీరు వచ్చేశారుగా అమ్మా" అన్నడు.

మా ఇంటి పక్కన సర్కారు బడి టీచరమ్మ ఉంటది. ఆమెకు ఈ ముచ్చట చెప్తే ఇంకో సంగతి చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టంల 21వ సెక్షన్ కింద సర్కారు బడులల్ల కమిటీలు ఉండాలె. అండ్ల నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులో పిల్లల్ని సాకేటోళ్లో ఉండాలె, మొత్తంల సగం ఆడోళ్లు కావాలె. సాకేటోళ్లంటే మా అత్తమ్మసొంటోళ్లే గద! 2024ల వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు దీనికి వేరే. అవి మహిళా సంఘాల ఆడోళ్లతోని నడుస్తయి. (సర్కారు బడి పిల్లల యూనిఫాంలు కుట్టుడు సుత సంఘాలకే ఇచ్చిండ్రు. ఆ పని మీద నాకు కన్నుండె, దొరకలే.) కానీ సిస్టర్ల బడి అసొంటి మైనారిటీ బడుల లెక్క వేరు. ఎయిడెడ్, అంటే సర్కారు పైసలు తీసుకునే, మైనారిటీ బడుల కమిటీలు సలహా ఇయ్యాలె అంతే అని 2012ల సవరణ తెచ్చిండ్రు. 2014ల సుప్రీంకోర్టు అసలు ఆ చట్టమే మైనారిటీ బడులకు వర్తించదని చెప్పింది. అంటే సర్కారు చట్టం పట్టుకొని మేం ఆ బడిని ఏం అడగలేం. వాళ్ల సొంత చట్టంల మాత్రం మా మాట వినాలని ఉన్నది, ఆఫీసు బీరువాల. ఫాదర్ తీసి చూపెట్టకుంటే మాకెట్ల తెలుస్తుండె?

ఇప్పుడు పిల్లను తీస్కపోయే పెద్దమనిషికి ఫొటోతోని కార్డు ఉంటది, తల్లిదండ్రుల సంతకంతోని. కార్డున్న ముసలమ్మలు ఇద్దరిద్దరు వంతుల వారీగ అన్నం టైంకు లోపలికి పోతరు. మూతలు తీస్తరు, చేతులు కడిగిస్తరు, తిననోళ్లకు బుదరకిస్తరు. అన్నం ఆరినంకనే మూత పెట్టాలని, స్టీలు డబ్బా అయితే నయమని డైరీల రాసి పంపించిండ్రు. టీచర్ల ముంగట ముసలమ్మలు ముచ్చట్లు ఎక్కువ పెడుతున్నరని ఒకట్రెండు మాటలొచ్చినయి. వస్తయి మరి.

క్రిస్మస్ ప్రోగ్రాం బట్టలు నేను కుట్టిన. దేవదూతల గౌన్లు తెల్ల లైనింగు బట్టతోని, మెరుపు లేసు పెట్టి. గొర్ల కాపర్లకు ఎప్పుడూ నెత్తికి టవల్ చుట్టి, కిరాయి అంగీలు తొడిగేటోళ్లు. ఈసారి ఒక పిల్లగాని తాత, నకిరేకల్ దిక్కు కురుమ ఇంటాయన, రిహార్సల్ చూసి ఉండబట్టలేక పోయిండు. తెల్లారి మూడు నల్ల గొంగళ్లు మోసుకొచ్చిండు. క్లాసు రూమంత ఉన్ని వాసన. పిల్లలకు గీరుకుంటుంటే కేకలు, నవ్వులు. ఆయన నర్సరీ కుర్చీల కూసుండి, గొంగడిని మూలకు మలిచి నెత్తి మీదికెంచి ఎట్ల ఏసుకోవాలనో ఒక్కొక్కనికి నేర్పిండు. కట్టె పట్టుకునుడు సుత తప్పేనట. "పోలీసోని లెక్క నిలువుగ పట్టుకుంటరా బిడ్డా? భుజాల మీద అడ్డంగ పెట్టి, చేతులు దాని మీద ఏలాడేస్తరు. గొర్లు మేస్తుంటె మనకు తొందరేముంటది?" అన్నడు. ప్రోగ్రాం నాడు ముగ్గురు పోరగాళ్లు అట్లనే మెల్లగ నడుసుకుంట స్టేజీ ఎక్కిండ్రు. ముందు వరుసల కూసున్న తాత గొర్లను అదిలించే కూత పెట్టనే పెట్టిండు. బాల యేసు పక్కన నిలబడ్డ మరియమ్మ కిసుక్కున నవ్వింది. సిస్టర్ సుత.

దసరా సెలవుల ముందు బతుకమ్మ సుత ముసలమ్మల చేతికే ఇచ్చిండ్రు. గునుగు, తంగేడు పిల్లలతోనే పేర్పించిండ్రు, కాయిదపు పూలు బంద్.

అన్నీ కుదిరినయని కాదు. ఇంట్ల పిల్లలతోని ఇంగ్లిష్‌లనే మాట్లాడుండ్రని ప్రతి మీటింగుల చెప్తరు. అది నాకు నచ్చది, వాళ్లకు సుత చెప్పిన. 2018ల చట్టం తెచ్చి బడులల్ల తెలుగు తప్పనిసరి చేసిండ్రు. మావాడు తెలుగు వాచకంల మాటలకు అర్థాలు అడిగేది అక్షరం రాని నాయనమ్మను. అరక అంటే ఏంది, గరిసె అంటే ఏంది అని. ఆమె నోరు కట్టేసి ఇంట్ల ఇంగ్లిష్ ఎట్ల నడిపియ్యాలె? సిస్టర్ "చూద్దాం" అన్నది. అంటే ఏం జరగదని నాకు తెలుసు.

ఇప్పుడు కొత్త పంచాయితీ మీటింగు టైం మీద. శనివారం పది గంటలంటే కూలికి పోయేటోళ్లకు దినమంత పోయినట్టే. ఆదివారం పూజ అయినంక పెడితే ఎట్లుంటదని ఫాదర్ అడిగిండు. కతోలికోళ్లకు ఎట్లైనా గుడికి వచ్చే రోజే, వాళ్లకు మంచిగుంటది. ఈ ఏడు గుడిల మొదటిసారి సత్ప్రసాదం (పూజల ఇచ్చే అప్పం) తీసుకునే పిల్లల తల్లిదండ్రులకు అప్పుడే క్లాసు సుత ఉంటదట. మాకు ఆదివారమంటే బట్టలు పిండుడు, చుట్టాలు, కూర. టీచర్లకు ఉన్న ఒక్క సెలవు అదే, వాళ్లు ఏమంటరో అడగాలని నేనన్న. అత్తమ్మ మాత్రం ఎప్పుడు పెట్టినా వస్తనన్నది. ఈసారి బాత్రూం తలుపు గొండ్లు ఎత్తున ఉన్నయని, చిన్నపిల్లలకు అందుతలేవని అడుగుతదట.