నెటాల్ వెళ్లిన మా తాత తాత సంసారం

మా తాతకి తాత పేరు మీద మన దేశంలో ఒక్క కాగితం కూడా లేదు. గజపతినగరం దగ్గర మా ఊరు అప్పట్లో విజయనగరం జమీందారీ కింద ఉండేది. రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే రైత్వారీ ఊళ్లలో అయితే పాత సెటిల్మెంటు రిజిస్టర్లు తిరగేస్తే అర ఎకరం చెక్క ఉన్నవాడి పేరైనా తగులుతుంది. జమీందారీలో లెక్కలన్నీ ఎస్టేటు కచేరీలోనే, వాటిలోకి ఎక్కేది శిస్తు కట్టేవాళ్లు. ఈయన ఒకరింట్లో పాలేరు. సెంటు భూమి లేదు, బడి మొహం చూడలేదు, దస్తావేజు రాయించుకునే పని ఎప్పుడూ పడలేదు.

ఆయన గురించి ఉన్న కాగితాలన్నీ దక్షిణాఫ్రికాలో ఉన్నాయి. అక్కడ ఆయన ఒక యజమాని డబ్బు పెట్టి తెప్పించుకున్న పనివాడు. పెట్టిన డబ్బుకి లెక్క కావాలి కాబట్టి మనిషికీ లెక్క రాశారు.

ఇంట్లో మాకు తెలిసింది ఇంతే. 1900 దాటాక ఒక ఏడు ఆయన భార్యనీ, చంటి ఆడపిల్లనీ వెంటబెట్టుకుని ఓడెక్కాడు. ఏడేళ్ల కొడుకుని వాడి అమ్మమ్మ దగ్గర వదిలి, ఐదేళ్లలో వచ్చేస్తామని చెప్పి వెళ్లారు, రాలేదు. ఆ కొడుకే మా ముత్తాత. మా వైపు సముద్రం దాటిన ప్రతివాడూ రంగం (బర్మాలో రంగూన్) పోయినట్టే లెక్క, కానీ మా తాత మాత్రం "రంగం కాదురా, నెటాలు, చెరుకు తోటలు" అని గట్టిగా చెప్పేవాడు. ఆ ఒక్క మాట పట్టుకునే నేను మొదలుపెట్టాను. మా ఇంట్లో ఇంకో మాట కూడా ఉండేది, అది చెప్పకుండా ఈ కథ చెప్పలేను: కన్నకొడుకుని మర్చిపోయి అక్కడ సుఖంగా బతికారు అని. మా ముత్తాత చనిపోయేదాకా ఆ మాట నమ్మాడట. అమ్మానాన్నల ఊసెత్తితే లేచి బయటికి వెళ్లిపోయేవాడట.

దక్షిణాఫ్రికాలోని నెటాల్‌కి మనవాళ్లు ఒప్పంద కూలీలుగా వెళ్లడం 1860లో మొదలైంది. ట్రూరో అనే ఓడ ఆ ఏడు అక్టోబరు 12న మద్రాసులో బయల్దేరి నవంబరు 16న దర్బన్ చేరింది. మధ్యలో కొన్నేళ్లు ఆగి, మళ్లీ మొదలై, 1911లో ఆపేసేదాకా మొత్తం లక్షా యాభై రెండు వేల మంది వెళ్లారు, అందులో దాదాపు మూడింట రెండొంతులు మద్రాసు నుంచే. ప్రతి ఓడకీ ఒక జాబితా ఉంది. ఒక్కొక్క మనిషికి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీద గుర్తులు. ఈ జాబితాలని అక్కడి పరిశోధకులు ఏళ్ల తరబడి కూర్చుని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. క్వాజులూ-నెటాల్ విశ్వవిద్యాలయంలో గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ అని ఉంది, మన వలస కూలీల గురించి వెతికేవాళ్లు ముందు చూడాల్సిన చోటు అదే. ఆ పని చేసినవాళ్లకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

పేరుతో వెతికితే ఏమీ దొరకదు. దొర గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నాడు, పైగా మా వైపు ఇంటికో అప్పన్న, ఇంటికో అప్పయ్యమ్మ. (మా వాళ్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు, దర్బన్‌లో ఉన్నవాళ్లు వద్దన్నారు.) అందుకని నేను పేరు పక్కనపెట్టి తాలూకాతో వెతికాను. గజపతినగరం తాలూకా, మగాడు, ఆ వెంటనే ఒక ఆడమనిషి, ఆ వెంటనే నాలుగేళ్ల లోపు ఆడపిల్ల. ఎందుకంటే కుటుంబంగా వచ్చినవాళ్లకి వరస నంబర్లు పడేవి. అలా 1902లో ఉమ్లాజీ అనే ఓడ జాబితాలో ముగ్గురు దొరికారు, ఒకరి కింద ఒకరు. ఆయనకి ఇరవై ఎనిమిది, ఎడమ మోకాలి కింద కాలిన మచ్చ. ఆవిడకి ఇరవై నాలుగు, కుడి ముంజేతి మీద పచ్చబొట్టు. పిల్లకి మూడు, గుర్తులేమీ లేవు. ఊరి పేరు చెడగొట్టి రాశారు గానీ పైకి చదివితే మా ఊరే. ఆయన తండ్రి పేరు, మా ఇంట్లో ఇప్పటికీ పెద్దకొడుకులకి పెట్టే పేరు.

మోకాలి కింద మచ్చ అన్నది చదివి నేను చాలాసేపు కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు. ఫొటో లేదు, ఎలా ఉండేవాడో చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న గుర్తు, నాకు ఆయన ఒంటి మీద తెలిసిన మొదటి విషయం అయింది.

1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన తెరిచారు కాబట్టి, ఓడెక్కేదాకా కూలీలని ఉంచే మద్రాసు డిపోకి వాళ్లు రైల్లోనే వెళ్లి ఉంటారు. బహుశా రైలెక్కడం అదే మొదటిసారి.

ఒప్పందం ఐదేళ్లు. జీతం మొదటి ఏడు నెలకి పది షిల్లింగులు, ఏడాదికి ఒక్కో షిల్లింగు పెరుగుతూ ఐదో ఏటికి పద్నాలుగు. ఆడవాళ్లకి అందులో సగం. బియ్యం, పప్పు, నూనె, ఉప్పు ఇస్తారు, ఉండటానికి బారెక్స్‌లో ఒక గది. ఒక్క రోజు కూడా నాగా లేకుండా, ఒక్క కోత కూడా పడకుండా ఐదేళ్లూ చేస్తే ఆయనకి మొత్తం వచ్చేది 720 షిల్లింగులు, అంటే 36 పౌండ్లు. కోతలు పడకుండా ఎవరూ చెయ్యలేదు. జ్వరం వస్తే కోత, ఆలస్యమైతే కోత, యజమాని రాసిచ్చిన చీటీ లేకుండా ఎస్టేటు దాటితే జైలు.

ఈ కూలీల బాగోగులు చూడటానికి నెటాల్ ప్రభుత్వం ప్రొటెక్టర్ అని ఒక అధికారిని పెట్టింది. ఆ ఆఫీసు పాత ఫైళ్లు పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పుట్టుకలు, చావులు, పెళ్లిళ్లు, ఫిర్యాదులు, అన్నీ ఆ ఆఫీసు గుండానే వెళ్లాలి. నంబరు తెలిశాక అక్కడ పనిచేసే ఒకావిడ సాయంతో నాకు కొన్ని కాగితాల నకళ్లు వచ్చాయి. 1904లో ఒక మగపిల్లాడు పుట్టాడు. 1905లో ఎనిమిది నెలల వయసులో పోయాడు, కారణం విరేచనాలు. అదే ఏడు, అదే నెలలో, ఆ పిల్లాడి తల్లి ఇచ్చిన వాంగ్మూలం ఒకటి ఉంది. పిల్లాడికి బాగోలేక ఇంటి దగ్గర ఉన్న రోజులకి జీతం కోసేశారని ఫిర్యాదు. ఆవిడ తెలుగులో చెప్పింది, దుబాసీ ఇంగ్లీషులోకి మార్చాడు, గుమాస్తా రాసుకున్నాడు, అందుకే ఆవిడ గొంతు అందులో సగమే వినపడుతుంది. కానీ రోజుల లెక్క మాత్రం చాలా కచ్చితంగా చెప్పింది, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా, ఎంత రావాలి, ఎంత ఇచ్చారు. అక్షరం ముక్క రాని ఇరవై ఏడేళ్ల మనిషి, బిడ్డ పోయిన నెలలో, చీటీ సంపాదించుకుని, ఊరుగాని ఊళ్లో దొర ఆఫీసు మెట్లెక్కి, నా డబ్బు నాకివ్వండి అని అడిగింది. ఫైలు చివర ఎస్టేటు వాళ్లకి ఉత్తరం రాసినట్టు ఉంది. డబ్బు ఇచ్చినట్టు ఎక్కడా లేదు. మా వంశంలో ఇంత ధైర్యం చేసిన మనిషి గురించి వందేళ్లు ఒక్క మంచి మాట చెప్పుకోలేదే అని నాకు చాలా బాధేసింది.

ఇక "ఐదేళ్లలో వస్తాం" అన్న మాట సంగతి.

వాళ్ల ఒప్పందం 1907 మార్చితో ముగిసింది. 1907 మే నెలలో ఇంకో ఆడపిల్ల పుట్టినట్టు పుట్టుకల రిజిస్టర్‌లో ఉంది. ఈ రెండు కాగితాలూ వేరు వేరు పుస్తకాల్లోవి, విడివిడిగా చూస్తే ఏమీ చెప్పవు. పక్కపక్కన పెడితే తెలుస్తుంది, ఓడెక్కాల్సిన సమయానికి ఆవిడకి నెలలు నిండుతున్నాయి. అప్పటికే ఒక బిడ్డని పోగొట్టుకున్న మనిషి, వారాల తరబడి సముద్రం మీద, ఓడ అడుగున, ఎలా వెళ్తుంది?

వెళ్లకపోతే ఏం చెయ్యాలో అక్కడి చట్టం తేల్చేసి పెట్టింది. 1895లో చేసిన చట్టం ప్రకారం ఆ తర్వాత వచ్చిన కూలీలు గడువు తీరాక ఇండియా వెళ్లిపోవాలి, లేదా మళ్లీ ఒప్పందం రాసుకోవాలి, రెండూ కాదంటే మనిషికి ఏడాదికి మూడు పౌండ్లు కట్టాలి. మొగుడూ పెళ్లాం ఇద్దరికీ కలిపి ఆరు, అంటే 120 షిల్లింగులు. ఐదో ఏడు ఆయన జీతమంతా కలిపితే 168. ఎవరూ కట్టలేనంత పన్ను కావాలనే పెట్టారు. మా వాళ్లు మళ్లీ ఒప్పందం రాసుకున్నారు, ఆ తర్వాత ఇంకోసారి కూడా. 1903లో పిల్లల్ని కూడా ఇందులోకి లాగారు, మగపిల్లలకి పదహారు, ఆడపిల్లలకి పదమూడు నిండితే వాళ్లకీ ఇదే గతి. ఓడలో మూడేళ్లది అని రాసిన పిల్లకి 1912లో పదమూడు వచ్చాయి. 1910లో ఆడవాళ్లకి మినహాయింపు ఇవ్వొచ్చని చట్టం మార్చారు, కానీ ఇవ్వాలా వద్దా అన్నది మేజిస్ట్రేట్ చేతిలో పెట్టారు.

1913 మార్చిలో కేప్‌టౌన్ కోర్టులో జడ్జి సెర్ల్ ఒక తీర్పు ఇచ్చాడు. దాని ప్రకారం మనవాళ్ల సంప్రదాయంలో అయిన పెళ్లిళ్లు చట్టం కళ్లకి పెళ్లిళ్లే కావు. గాంధీ సత్యాగ్రహంలోకి ఆడవాళ్లు దిగడానికి ఈ తీర్పు పెద్ద కారణం. ఆ అక్టోబరులో న్యూకాజిల్ బొగ్గు గనుల్లో మొదలైన సమ్మె నవంబరుకి చెరుకు తోటల దాకా పాకింది. 1914లో ఇండియన్ రిలీఫ్ చట్టం వచ్చింది, మూడు పౌండ్ల పన్ను పోయింది, ఒక్క భార్య ఉన్న పెళ్లిళ్లని నమోదు చేసుకోవచ్చన్నారు. ఇదంతా నేను స్కూల్లో గాంధీగారి పాఠంగా చదివాను, మార్కులు కూడా తెచ్చుకున్నాను. మా ఇంటి విషయం అని అప్పుడు తెలీదు. 1915లో మా తాత తాత, ఆవిడ ఒక అధికారి ముందు నిలబడి తమ పెళ్లి రిజిస్టర్ చేయించుకున్నారు, అప్పటికి పెళ్లై ఇరవై ఏళ్లు దాటింది. ఇద్దరివీ వేలిముద్రలు. ఆవిడ వేలిముద్ర కొంచెం చెదిరింది, పక్కన ఇంకోటి వేయించారు.

ఆ తర్వాత ఎస్టేటు వదిలేసి దర్బన్ శివార్లలో కౌలుకి కాస్త నేల తీసుకుని కూరగాయలు పండించారు. ఆ చుట్టుపక్కల ఒప్పందం తీరిన మనవాళ్లు చాలామంది అదే చేశారు. 1921లో ఆయన పోయాడు. అక్కడ ఆస్తి వదిలి పోయినవాళ్లకి ఎస్టేట్ ఫైలు అని ఒకటి తెరుస్తారు, అందులో డెత్ నోటీసు అని ఒక ఫారం ఉంటుంది, నెటాల్ ఫైళ్లు చాలావరకు ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో స్కాన్ చేసి పెట్టారు. వెతికేవాళ్లు దీన్ని మాత్రం వదలకండి, మిగతా రిజిస్టర్లన్నీ పనివాడి లెక్కలు, ఇదొక్కటే సంసారం లెక్క. పోయినవాడి తల్లిదండ్రులెవరు, ఎక్కడ పుట్టాడు, పెళ్లి ఎక్కడైంది, పిల్లలెవరు, మేజర్లా మైనర్లా అన్నీ అడుగుతారు. ఆస్తి అంటే ఒక బండి, ఒక కంచరగాడిద, రేకుల ఇల్లు, పారలూ నీళ్లడబ్బాలూ, ఒక కొట్లో బాకీ.

వివరాలు చెప్పింది ఆవిడే, కింద వేలిముద్ర ఉంది. పిల్లల పేర్లు ఉన్న చోట మొట్టమొదటి పేరు మా ముత్తాతది. మేజర్, ఇండియాలో ఉన్నాడు అని పక్కన రాశారు. దాని తర్వాతే ఓడలో వెళ్లిన పిల్ల, 1907లో పుట్టిన పిల్ల, తర్వాత పుట్టిన ఇద్దరు మగపిల్లలు. కొడుకుని చూసి పంతొమ్మిదేళ్లయింది. వాడికి ఎన్నేళ్లుంటాయో కూడా ఆవిడ లెక్క తప్పకుండా చెప్పింది, ఇరవై ఆరు. ఎవరూ అడక్కపోయినా ఆ బండిలో, ఆ రేకుల ఇంట్లో వాడికీ వాటా రాయించింది.

ఈ కాగితం ప్రింటు తీసి నాన్నకిచ్చాను. ఆయన చదివి, "మా తాతకి ఇది తెలిసుంటే బాగుండేది" అని ఒక్క మాట అని, మళ్లీ మొదటి నుంచీ చదివారు.

దర్బన్‌లో ఉన్న ఆ కుటుంబంతో ఇప్పుడు మాటలు నడుస్తున్నాయి. 1907లో పుట్టిన అమ్మాయి మనవరాలు, వరసకి నాకు మేనత్త అవుతుంది, తెలుగు రాదు, "అత్తా" అని పిలిస్తే మాత్రం పలుకుతుంది. ఉగాది చేస్తారు, మా ఊరి అమ్మవారి పేరు తెలుసు, ఆ ఊరు ఎక్కడుందో తెలీదు. వచ్చే పండక్కి రమ్మన్నాం. ఈలోగా నాకు ఒక పని మిగిలింది, ఓడలో వెళ్లిన పెద్దపిల్ల. 1915 తర్వాత ఎక్కడో పెళ్లి జరిగి ఉండాలి, అత్తావాళ్ల దగ్గర ఆ శాఖ గురించి ఏమీ లేదు. 1914 చట్టం తర్వాతి పెళ్లిళ్ల రిజిస్టర్లు జిల్లాల వారీగా ఉన్నాయి, దర్బన్‌ది అయిపోయింది, ఇప్పుడు వెరులం చూస్తున్నాను. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి నెటాల్ వెళ్లినవాళ్ల కుటుంబాలు ఎవరైనా ఇది చదివితే, మీ పెద్దవాళ్లకి గుర్తున్న ఊరి పేరు, తాలూకా, ఆడవాళ్ల పేర్లతో సహా ఈ రోజే రాసి పెట్టుకోండి. నాకు దారి చూపించింది, ఆయన నంబరు వెంటనే ఉన్న ఆవిడ నంబరే.