పాత పికప్‌కు కామన్ రైల్ ఇంజన్ ఎక్కించిన: 3 వారాలు స్టార్ట్ కాలే

నిన్న 30 బస్తాల మిర్చి వేసుకొని నర్సంపేట నుంచి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పోయి వచ్చిన. గిర్నిబావి దాటినంక కూడ బండి దమ్ము తగ్గలే. కానీ కడుపుల మంట ఇంకా చల్లారలే, అందుకే రాస్తున్న.

మాది 2009 బొలెరో పికప్, పాత డీఐ ఇంజన్ (కంప్యూటర్ లేని పాత రకం డీజిల్ ఇంజన్). రెండుసార్లు సిలిండర్లు బోరు చేయించినా పొగ ఆగలే. యాక్సిడెంటైన బీఎస్ 4 (పొగ నియమాల నాలుగో మెట్టు) పికప్ ఒకటి, కామన్ రైల్ ఇంజన్‌ది, దొరికితే ఇంజన్, గేర్‌బాక్స్, వైరింగ్, ఈసీఎం (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), యాక్సిలరేటర్ పెడల్ అన్నీ ఆ ఒక్క బండివే తెచ్చిన. ఒక్కో ముక్క ఒక్కో దగ్గర కొంటే వైర్లు కలవవు, ఆ తప్పు చేయకండి. రెండు ఇంజన్లూ 2523 సీసీయే. ఇంజన్ కూసునే మౌంటింగులు నేనే కొలిచి వెల్డింగ్ చేయించిన, వెంట్రుకంత తేడా రాలే. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ లేత్‌లో కోయించి బ్యాలెన్స్ పట్టించిన. ఇదంతా 5 రోజుల పని.

ఆరో రోజు తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. ఎలక్ట్రీషియన్ స్కానర్ పెట్టి చూసిండు. రైల్ ప్రెషర్, అంటే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి పైపుల ఒత్తిడి, 80 బార్ దగ్గర ఆగింది. ప్రెషర్ సరిపోను లేకపోతే ఈసీఎం ఇంజెక్టర్లు (సిలిండర్ల డీజిల్ చల్లేవి) తెరవనే తెరవదు. "ఈసీఎం పోయింది, వేరేది తే" అన్నడు. తెచ్చిన. అదే 80.

తర్వాత ట్రాక్టర్‌కు కట్టి నర్సంపేట బస్టాండ్ ముందు నుంచి బండిని డీజిల్ పంపులు బాగుచేసే షాపుకు గుంజుకపోయినం. పక్కన నా కొడుకు కూసున్నడు. ఆ పంపు షాపాయన ఇంజెక్టర్లు విప్పి, టెస్టింగ్ అని 6 వేలు తీసుకొని, పది మంది ముందట "రైతువి రైతు లెక్క ఉండాలె, పాత బండికి కొత్త గుండె పెడతవా?" అన్నడు. పిల్లగాడు నా మొఖం చూసిండు. ఆ రాత్రి నాకు బువ్వ దిగలే. తెలియకపోతే తెలియదని చెప్పాలె, మనిషిని ఎందుకు తక్కువ చేయాలె?

దారి చూపింది మా ఊరి ట్రాక్టర్ మిస్త్రీ చాచా. స్కానర్ ముట్టలే. మేస్త్రీలు లెవల్ చూసే తెల్ల పైపు మూరెడు కోసి, ట్యాంకుకూ ఫిల్టర్‌కూ నడుమ బిగించిండు. "సెల్ఫ్ కొట్టు బిడ్డా" అన్నడు. కొట్టిన. పైపుల సోడా బుడ్డి తెరిచినట్టు బుడగలు! ట్యాంకు మీద రబ్బరు పైపు క్లిప్పు కింద గోటి గీతంత పగులు ఉంది. లీకైతే డీజిల్ కారాలె కదా అన్న. "పంపు గుంజే దిక్కు కారదు, గాలి లోపలికి పోతది. పాత ఇంజన్ ఇంత గాలి మింగి కూడ నడుస్తది. గిది నడవది" అన్నడు చాచా.

కొత్త పైపు, రెండు క్లిప్పులు కలిపి 180 రూపాయలు. ఫిల్టర్ మీది హ్యాండ్ పంపు కొట్టి గాలి తీసినం. ఈసారి స్కానర్‌ల 80, 140, 220... అందుకుంది. చాచా పైసలు తీసుకోలే, ఛాయ్ తాగి పోయిండు.

స్టార్ట్ కాకపోతే ఈసీఎం, ఇంజెక్టర్ల మాట తర్వాత. ముందు ఆ తెల్ల పైపు పెట్టి చూడండి. పాత ట్యాంకు కడగండి, తుప్పు రేణువు ఈ పంపుకు విషం.

కాగితాల సంగతి: ఇంజన్ కొనేటప్పుడే ఆ బండి ఆర్‌సీ, బిల్లు అడిగి తీసుకోండి, దొంగ ఇంజన్ అయితే మనమే ఇరుక్కుంటం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మార్పు రవాణా ఆఫీసుకు తెలియాలె. నేను పాతది దించకముందే దరఖాస్తు పెట్టిన. ఏజెంట్‌కు ఒక్క రూపాయి ఇయ్యలే, రెండుసార్లు తిరిగిన, అంతే. ఆర్‌సీల కొత్త ఇంజన్ నంబర్ పడ్డది. ఇన్సూరెన్స్‌ల మార్పిచ్చుడు మిగిలింది, రేపు పోతున్న.