మిన్నెసోటాలో మా అమ్మ, పులిహోర, డబ్బా సూపు బీన్స్ కూర

మా ఇంట్లో క్యాసరోల్ అంటే చపాతీలు చల్లారిపోకుండా పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బా. పెళ్ళిళ్ళలో గిఫ్టుగా వచ్చినవి రాజమండ్రి ఇంట్లో అటక మీద ఇప్పటికీ రెండు సీలు విప్పనివి ఉన్నాయి. అందుకే నా కొలీగ్ "థాంక్స్‌గివింగ్‌కి మా ఊరు రండి, మా అమ్మ చేసే బీన్స్ క్యాసరోల్ తినాలి మీరు" అన్నాడని చెప్తే మా అమ్మ "డబ్బా తినడం ఏవిట్రా" అంది. అమెరికాలో క్యాసరోల్ అంటే వెడల్పు గిన్నెలో అన్నీ కలిపి ఒవెన్‌లో ఉడికించే వంటకం. పైగా మిన్నెసోటాలో దాన్ని క్యాసరోల్ అని కూడా అనరు, హాట్‌డిష్ అంటారు అని చెప్పేసరికి ఇంకా గందరగోళం.

ఇది 2024 సంగతి. అమ్మ విజిటర్ వీసా మీద మా దగ్గరే, చికాగో పక్కన షాంబర్గ్‌లో ఉంది. థాంక్స్‌గివింగ్ ఎప్పుడూ నవంబర్ నాలుగో గురువారమే కదా, ఆ ఏడాది 28 పడింది, చూస్తే ఇంకా కార్తీక మాసం అయిపోలేదు. మామూలుగా చేపల పులుసు లేనిదే ముద్ద దిగని మనిషి కార్తీకంలో మాత్రం గుడ్డు కూడా ముట్టదు. టర్కీ కోడి చుట్టూ తిరిగే పండక్కి ఈవిడని తీసుకెళ్ళి ఏం పెట్టిస్తాం అని మా ఆవిడ తల పట్టుకుంది. అమ్మ మాత్రం కూల్‌గా "ఎవరింటికైనా పండక్కి ఉత్త చేతులతో వెళ్తావా, పులిహోర కలుపుతాను, ఏమీ లేకపోతే నేను అదే తింటాను" అని ముందు రోజు పొద్దున్నే చింతపండు నానబెట్టేసింది.

బుధవారం మధ్యాహ్నం బయల్దేరాం, అమెరికాలో సగం జనాభా ఆ రోజే రోడ్డు మీద ఉంటుంది అనిపిస్తుంది, రాక్‌ఫర్డ్ దాటేసరికే చీకటి పడింది. మాడిసన్, టోమా, ఓ క్లేర్, అన్నీ చీకట్లో బోర్డులుగానే చూశాం. విస్కాన్సిన్‌లో పెట్రోలు కోసం ఆగినప్పుడు చీజ్ కర్డ్స్ కొన్నాను, పన్నీర్ ముక్కల్లా ఉంటాయి, పళ్ళ కింద కీచుమంటాయి. అమ్మ ఒకటి నోట్లో వేసుకుని "ఉప్పు తక్కువైంది" అంది. ఆ రాత్రి మినియాపొలిస్‌లో హోటల్లో పడుకున్నాం. పొద్దున్న నది దాటుతుంటే "అమ్మా, ఇదే మిసిసిపీ" అని చాలా గొప్పగా చూపించా. ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసి "మన గోదావరి ముందు ఇదెంత" అని మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఇది ఇంకా పుట్టింటి దగ్గరే ఉందమ్మా, కిందకి పోయాక చూడాలి అని నేను నది తరఫున వాదించినా వినలేదు.

అక్కణ్ణించి ఐ 94 హైవే మీద ఇంకో రెండు గంటల పైన పోతే అలెగ్జాండ్రియా. ఊళ్ళో బిగ్ ఓలే అని 28 అడుగుల వైకింగ్ బొమ్మ ఉంటుంది, చేతిలో ఈటె, డాలు. "ఈయనెవరు, ఘటోత్కచుడా?" అంది అమ్మ. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాం, చలికి వేళ్ళు వంకర్లు పోయాయి.

ఇక భోజనం సంగతి. ఇంట్లోకి వెళ్ళగానే కౌంటర్ మీద వరసగా దీర్ఘచతురస్రం గాజు గిన్నెలు, వీళ్ళ భాషలో నైన్ బై థర్టీన్ (అంగుళాల కొలత), ఒక్కొక్కటీ తువ్వాలులో చుట్టుకుని ఒక్కో ఇంటి నుంచి వచ్చింది. అన్నగారింటి నుంచి స్వీట్ పొటాటో, దాని మీద మార్ష్‌మాలోలు, అంటే దూదిలాంటి మిఠాయిలు, కాలి గోధుమరంగు తిరిగి ఉన్నాయి. పిన్నిగారు జిఫ్ఫీ మిక్స్ అనే మొక్కజొన్న రొట్టె పిండి ప్యాకెట్టూ రెండు మొక్కజొన్న డబ్బాలూ సోర్ క్రీమూ కలిపి చేసిన కార్న్ క్యాసరోల్. ప్రతి గిన్నె అడుగునా టేప్ ముక్క అంటించి దాని మీద పెన్నుతో పేరు రాసుంది. అమ్మకి ఇది భలే నచ్చింది. మన స్టీలు గిన్నెల మీద పేరు, తారీఖు చెక్కించుకుంటాం కదా, అచ్చం అదే.

మార్ష్‌మాలోలో జంతువుల నుంచి తీసే జెలాటిన్, కార్న్‌లో గుడ్లు, బ్రెడ్డు ముక్కలతో చేసే స్టఫింగ్‌లో చికెన్ బ్రాత్. ఒక్కోటీ అడిగి తీసేస్తుంటే నాకే సిగ్గేసింది. చిలగడదుంప చూసి "అయ్యో, ఉపవాసం రోజు తినేదాన్ని ఎలా చేశార్రా" అని అమ్మ నిజంగానే బాధపడింది. చివరికి మిగిలింది బీన్స్ క్యాసరోల్. పుట్టగొడుగుల సూపు వేస్తారు అంటే ఒక్క నిమిషం ఆలోచించి "పుట్టగొడుగు నీచు కాదులే" అని తనే తీర్పు ఇచ్చేసుకుంది.

చేసేది కొలీగ్ వాళ్ళమ్మ, డెబ్బై దాటిన మనిషి. చేసే పద్ధతి చూస్తే నవ్వొస్తుంది. ఒక డబ్బా క్రీమ్ ఆఫ్ మష్రూమ్ సూపు, అర కప్పు పాలు, ఒక టీస్పూన్ సోయా సాస్, కాస్త మిరియాల పొడి, నాలుగు కప్పుల ఉడికిన బీన్స్, వేయించిన ఉల్లిపాయలు, అవి కూడా డబ్బావే, వాటిలో సగం. అన్నీ కలిపి ఒవెన్‌లో 350 ఫారెన్‌హీట్ డిగ్రీల్లో 25 నిమిషాలు, తర్వాత మిగతా ఉల్లిపాయలు పైన చల్లి ఇంకో 5 నిమిషాలు. అంతే. తరగడం లేదు, తాలింపు లేదు. అమ్మ ఆ ఉల్లిపాయల డబ్బా తీసి వాసన చూసి "ఒరేయ్, ఇది బిర్యానీ మీద చల్లే ఉల్లిపాయే కదరా!" అంది, ఆ క్షణం నుంచీ ఆ వంటతో ఆవిడకి చుట్టరికం కలిసిపోయింది.

దీని పుట్టుక కూడా వంటింట్లో తాతమ్మల కాలంలో కాదు. న్యూజెర్సీ కేమ్‌డెన్‌లో క్యాంప్‌బెల్ సూప్ కంపెనీ టెస్ట్ కిచెన్‌లో పనిచేసే డోర్కస్ రైలీ అనే ఆవిడ 1955లో తయారుచేసింది. ఏ ఇంట్లో అయినా అలమర తెరిస్తే దొరికే వాటితోనే అయిపోవాలి అన్నది లెక్క. ఆ పుట్టగొడుగుల సూపు డబ్బా 1934 నుంచే ఉంది, అప్పటికే జనం దాన్ని వంటల్లో కూడా పోసేవాళ్ళు. ఆవిడ చేత్తో రాసిన రెసిపీ కార్డు 2002లో, అప్పట్లో ఒహాయో ఆక్రన్‌లో ఉన్న ఇన్వెంటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్ అనే మ్యూజియంకి వెళ్ళింది. బల్బు కనిపెట్టినవాళ్ళ సరసన బీన్స్ కూర! మన దగ్గర పెసరట్టులో ఉప్మా పెట్టాలని మొదట అనుకున్న మహానుభావుడి పేరు ఎవరికైనా తెలుసా చెప్పండి.

టేబుల్ దగ్గర పెద్దాయన ఆ సూపుని లూథరన్ బైండర్ అన్నాడు. ఆ వైపు స్కాండినేవియా నుంచి వచ్చిన లూథరన్ (క్రైస్తవుల్లో ఒక శాఖ) కుటుంబాలు ఎక్కువ, చర్చి బేస్‌మెంట్‌లో ఏ భోజనం పెట్టినా అన్నిటినీ పట్టి ఉంచేది ఈ సూపేనట. మా పులిహోర వడ్డించుకుంటూ "మరి దీనికి బైండర్ ఏంటి?" అని సీరియస్‌గా అడిగాడు. చింతపండు అన్నాను. తల ఊపి రెండోసారి వేసుకున్నాడు, ఎండుమిరపకాయలు మాత్రం ప్లేటు అంచున బుద్ధిగా పేర్చాడు.

అసలు మాట ఆ తర్వాత వచ్చింది. మా కొలీగ్‌కి వంట పిచ్చి, రెండేళ్ళ కిందట "డబ్బా సూపు ఏంటి చీప్‌గా" అని తాజా బీన్స్, తాజా మష్రూమ్స్ తెచ్చి, వెన్నలో పిండి వేయించి సాస్ కట్టి, ఉల్లిపాయలు సన్నగా కోసి తనే నూనెలో వేయించి, మూడు గంటలు కష్టపడి చేశాడట. అందరూ బాగుంది బాగుంది అన్నారు, వాళ్ళ మేనల్లుడు ఒక్క స్పూన్ తిని "మరి అసలుది ఎక్కడ?" అని అడిగాడట. వాళ్ళమ్మ ఏం మాట్లాడకుండా లేచి డబ్బా ఓపెన్ చేసిందట. ఇది చెప్తూ ఆవిడ పగలబడి నవ్వుతోంది, వీడి మొహం ఇంకా మాడిపోయే ఉంది.

నేను తెలుగులో చెప్తుంటే అమ్మ మధ్యలోనే ఆపేసింది. "మీరూ అంతేగా" అంది. మా ఇంట్లో దీపావళికి గులాబ్ జామ్ అంటే ప్యాకెట్ మిక్సే. నాన్న ఆఫీసు నుంచి వస్తూ రెండు ప్యాకెట్లు తెచ్చేవాడు, ఉండలు చెయ్యడం నాదీ చెల్లిదీ పని, పగుళ్ళు వస్తే నువ్వంటే నువ్వని కొట్టుకునేవాళ్ళం. ఒక ఏడాది అమ్మ సరదాపడి కోవా తెప్పించి చేసింది. మెత్తగా, ఎంతో బాగా వచ్చాయి. మేమిద్దరం తిని "ప్యాకెట్ వాటిలా లేవు" అన్నామట. నాకు గుర్తులేదు, ఆవిడకి మాత్రం పాతికేళ్ళ తర్వాత కూడా పొల్లు పోకుండా గుర్తుంది. నేను ఇంగ్లిషులో చెప్తే కొలీగ్ వాళ్ళమ్మ అమ్మ చెయ్యి పట్టుకుంది, ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, ఆ తర్వాత గంటసేపు వంటగదిలో ఏం మాట్లాడుకున్నారో మాకెవరికీ తెలీదు.

రుచి ఎలా ఉంది అంటారా? నిజం చెప్పాలంటే మొదటి ముద్ద ఉప్పగా, జిగటగా ఉంది. పైన కరకర, కింద మెత్తన. కారం లేదు, పులుపు లేదు. కానీ బయట గడ్డకట్టే చలి, పుల్కా లాంటి వేడి బ్రెడ్డు రోల్, దాంతో కలిపి తింటుంటే నేను మూడుసార్లు ఎందుకు వడ్డించుకున్నానో నాకే అర్థం కాలేదు. అమ్మ పులిహోర పక్కన నంజుకుని తింది.

వచ్చేటప్పుడు మిగిలిన బీన్స్ ఒక గాజు గిన్నెలో పెట్టి, మీద ఫాయిల్ చుట్టి ఇచ్చారు. అడుగున టేపు మీద ఆవిడ పేరు. మాడిసన్ దాటేవరకు అమ్మ ఆ గిన్నె ఒళ్ళోనే పెట్టుకుంది. అమ్మ జనవరిలో వెళ్ళిపోయింది, సూట్‌కేసులో ఉల్లిపాయల డబ్బాలు నాలుగు పట్టుకెళ్ళింది. గిన్నె మా కప్‌బోర్డులో అలాగే ఉంది. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో అదే ప్రశ్న: "ఒరేయ్, ఆవిడ గిన్నె ఇచ్చేశావా? ఖాళీగా మాత్రం ఇవ్వకు."