జి, ఎల్ కలిస్తే వెలుగు

గ్లిసెన్ అనే ఇంగ్లిష్ మాటకు అర్థం ఎన్నిసార్లు చదివినా నాకు గుర్తుండేది కాదు. ఒకరోజు నోట్‌బుక్‌లో జి, ఎల్ అక్షరాలతో మొదలయ్యే మాటలన్నీ ఒకచోట రాశాను. గ్లో, గ్లీమ్, గ్లింట్, గ్లిమ్మర్, గ్లిటర్. అన్నీ వెలుగే!

కానీ ఒక్కోదాని వెలుగు ఒక్కో రకం. గ్లో నిప్పుకణికలా మంట లేకుండా నిలకడగా ఉంటుంది. గ్లింట్ తళుక్కుమని మాయమవుతుంది. గ్లిమ్మర్ మిణుకుమిణుకుమంటుంది. తడి ఆకు మీది మెరుపే గ్లిసెన్. స్పెల్లింగ్‌లో టీ ఉన్నా పలకకూడదు.

స్నీజ్ (తుమ్మడం), స్నోర్ (గురకపెట్టడం), స్నిఫ్ (వాసన పీల్చడం) మాటల్లో ఎస్, ఎన్ ముక్కును గుర్తుచేస్తాయి. ఇలాంటి శబ్దాలకు భాషావేత్త జె.ఆర్. ఫర్త్ 1930లో ఫోనెస్థీమ్ అని పేరు పెట్టారు. గ్లవ్, గ్లూ మాత్రం ఈ వెలుగు గుంపులో చేరవు. వాటిని విడిగా రాసుకున్నాను.

అన్నట్టు, మన మిలమిల, మిణుకు, మెరుపు కూడా ఒకే హల్లు ‘మ’తో మొదలవుతాయి!